పెట్టె అక్కలు, నేను రాసిన ఒక వాక్యం

కడపలో నేను పనిచేసిన హాస్టలు గేటు లోపల ఇప్పుడొక నల్ల బండ నిలబెట్టి ఉంది. దాని మీద ఐదుగురు ఆడవాళ్ళ పేర్లు చెక్కి ఉన్నాయి. నాలుగు ఊరికే పేర్లు. ఐదో పేరుకు మాత్రం ముందు తండ్రి పేరు కూడా ఉంది: దేవదానం కూతురు ఎస్తేరు.

ఈమధ్య కొత్త వార్డెన్ల శిక్షణకు నన్ను రెండు మాటలు చెప్పమని పిలిచారు. అక్కడ ఒకమ్మాయి అడిగింది, "మేడం, ఆమెకొక్కదానికే తండ్రి పేరు ఎందుకు చెక్కించారు?" అని. అంతలో టీ వచ్చింది, నేను మాట దాటేశాను. సరిగ్గా చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పాలి. ముప్పై ఏళ్ళకు పైగా వార్డెన్‌గా చేసి ఇంటికొచ్చినదాన్ని, ఇప్పుడైనా చెప్పకపోతే ఎట్లా అని ఇంటికొచ్చాక నన్ను నేనే తిట్టుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ప్రమోషన్లు, ఫైళ్ళు, తనిఖీల గురించి ఇందులో ఏమీ ఉండదు. అవి మీకు ఆఫీసులో ఎవరైనా నేర్పుతారు.

తాళాల గుత్తి

నాది కోడుమూరు పక్కన ఒక పల్లె. మాలపేటలో పుట్టాను. మా తాతల నాటి నుంచి చర్చికి పోయే కుటుంబం. అమ్మా నాయనా ఇద్దరూ ఒకరి చేలో పనికి పోతేనే పొయ్యి వెలిగేది. మా పేటలో గవర్నమెంటు ఉద్యోగం వచ్చిన మొదటిదాన్ని నేనే. కడపలో కాలేజీ అమ్మాయిల ఎస్సీ సంక్షేమ హాస్టలుకు వార్డెన్‌గా వేశారు. అంతకుముందు ఆ కుర్చీలో మా పేటల నుంచి వచ్చినవాళ్ళెవరూ కూర్చోలేదు. ఆ సంగతి నాకంటే చుట్టూ ఉన్నవాళ్ళకే ఎక్కువ గుర్తుండేది.

హాస్టల్లో పిల్లలకూ నాకూ వయసులో ఐదారేళ్ళే తేడా. పెద్దదానిలా కనబడాలని గంజి పెట్టిన చీరలు కట్టేదాన్ని. తాళాల గుత్తి నడుముకు దోపుకొని గలగలలాడిస్తూ వరండాలో తిరిగేదాన్ని. అదే వార్డెన్‌గిరీ అనుకున్నాను.

వంటామె ఖాజాబీ మొదటి వారంలోనే నా గాలి తీసేసింది. ఆమె అప్పటికే ముగ్గురు వార్డెన్లను చూసిన మనిషి. "మేడం, ఆ తాళాలు కొంచెం కొంగులో కట్టుకోండి. మీరొచ్చేది దూరం నుంచే ఇనపడి పిల్లలు ఏడుపు మింగేస్తాండారు. ఏడ్చేది చూడకపోతే మీకేం తెలుస్తాది?" అంది. నాకు ఒళ్ళు మండింది. మర్నాటి నుంచి తాళాలు కొంగులోనే కట్టుకున్నాను.

మీరు కూడా కట్టుకోండి. కొత్త పిల్లలు మొదటి నెలలో కడుపునొప్పి అని వస్తారు. మందిచ్చి పంపేయకండి. సగం మందికి ఇంటి మీద బెంగ. కొందరికి నెలసరి వచ్చి ఉంటుంది, ఎవరికి చెప్పాలో తెలియదు. ఇంకొందరికి మరునాడు ఇంగ్లీషు క్లాసులో లేపి చదివిస్తారన్న భయం. పక్కన కూర్చుని పావుగంట మాట్లాడితే ఏ కడుపునొప్పో తెలిసిపోతుంది. ఈ ఉద్యోగంలో సగం పని ఆ పావుగంటే.

బస్టాండు నుంచి వెనక్కి పోయిన పిల్ల

రెండో ఏడు చేరికల సమయంలో జాబితాలో పేరున్న ఒక పిల్ల రాలేదు. మూడు రోజులు చూశాను. 'చేరలేదు' అని రాసి ఆ సీటు తర్వాతి పిల్లకు ఇచ్చేశాను. రూలు అదే, నేనేమీ తప్పు చేయలేదు.

వారం తర్వాత ఎస్తేరు నా గదికి వచ్చింది. మైదుకూరు దాటాక ఒక చిన్న పల్లె ఆమెది. అప్పటికి రెండో సంవత్సరం డిగ్రీ చదువుతోంది. సన్నగా, నల్లగా ఉండేది. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకే చూసేది. వార్డెన్లకు అట్లా చూసేవాళ్ళంటే పడదు.

"మేడం, ఆ పిల్ల మా పక్కూరిదే. రాలేదనుకుంటాండారు మీరు. వచ్చింది. బస్టాండు దాకా వచ్చి ఎనక్కి పోయింది."

సంగతేమిటంటే, ఆ పిల్ల రేకు పెట్టె పక్కన పెట్టుకొని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కడప బస్టాండులో కూర్చుంది. ఇద్దరు ముగ్గురిని హాస్టలు యాడుండాదని అడిగింది. ఒకతను "ఏ హాస్టలు?" అన్నాడు. చెప్పింది. అతని మొహం మారిపోయి, జవాబు చెప్పకుండానే పక్కకు జరిగి నిలబడ్డాడు. ఆ తర్వాత ఆ పిల్ల ఇంకెవరినీ అడగలేదు. ఊరి బస్సు రాగానే ఎక్కి తిరిగి పోయింది. ఎస్తేరు చెప్పే నాటికే చేలో కలుపు తీస్తోంది.

"రావాలని ఉంటే దారి అడుక్కుంటూ రాదా? నేను రాలేదా?" అన్నాను.

"మీరు వచ్చినారు మేడం. రానోళ్ళు ఎంతమందో మీకు తెలీదు కదా," అంది ఎస్తేరు.

అమర్యాదగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయింది. ఆ పిల్ల సీటు అప్పటికే ఇంకొకరిది అయిపోయింది. ఆమె మళ్ళీ రాలేదు.

పెట్టె అక్కలు

మరుసటి ఏడు చేరికల ముందు ఐదుగురు కలిశారు. ఎస్తేరు, సువార్త, నిర్మల, రాహేలు, లక్ష్మీదేవి. అందరూ మాల, మాదిగ పేటల పిల్లలే. ఇళ్ళలో మొదట కాలేజీ గడప తొక్కినవాళ్ళు. చేరికల వారమంతా ఇద్దరిద్దరు వంతులు వేసుకొని బస్టాండులో నిలబడ్డారు. రేకు పెట్టెతో బెదురుగా దిగిన ఆడపిల్ల కనబడితే చాలు, పోయి ఆ పెట్టె ఎత్తి నెత్తిన పెట్టుకొనేవాళ్ళు. కొత్త పిల్ల ఎంత బతిమాలినా ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. సీనియర్ ముందు, జూనియర్ చేతులూపుకుంటూ వెనక. హాస్టలు దాకా అట్లాగే నడిచి వచ్చేవాళ్ళు. మిగతా చోట్ల కొత్తవాళ్ళ చేత సీనియర్లు చాకిరీ చేయించుకునే రోజులవి.

గేటు దగ్గర పెట్టె దించి ఒక ప్రశ్న అడిగేవాళ్ళు. "నీ పెట్టె నేను మోసినా. నువ్వెవురిది మోస్తావు?"

"వచ్చేదానిది," అని కొత్త పిల్ల చెప్పాలి. అంతే. అదే ప్రమాణం, అదే సభ్యత్వం. మూడేళ్ళూ ఆ పెట్టె మోసిన అక్క ఆ పిల్లకు అక్క. చదువులో, జ్వరంలో, ఇంటి నుంచి చెడ్డ కబురు వచ్చినప్పుడు పక్కన ఉండాల్సింది ఆమె.

ఖాజాబీ వాళ్ళకు 'పెట్టె అక్కలు' అని పేరు పెట్టింది. ఎగతాళికే పెట్టింది, అదే నిలిచిపోయింది. నాకు మాత్రం ఇదంతా కాస్త ఇబ్బందిగా ఉండేది. సంఘమంటే అధ్యక్షురాలు, కార్యదర్శి ఉండాలి కదా అని ఒకసారి అడిగాను.

"పెట్టె మోసేదానికి అధ్యక్షురాలు ఎందుకు మేడం?" అంది ఎస్తేరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అధ్యక్షురాలు లేకపోవడమే తర్వాత ఎస్తేరు మెడకు చుట్టుకుంది.

నీళ్ళ కుండ

కాలేజీ వరండాలో తాగేనీళ్ళ బాన ఉండేది. పక్కనే ఒక ఆయమ్మ స్టూలు మీద కూర్చునేది. మిగతా కులాల పిల్లలు వస్తే గ్లాసు ముంచుకొని తాగి పోయేవాళ్ళు. మా హాస్టలు పిల్లలు వస్తే ఆయమ్మ లేచి, గ్లాసు తన చేతిలోకి తీసుకొని, పైనుంచి వాళ్ళ దోసిట్లో పోసేది. అట్లా చేయమని ఎవరూ రాతపూర్వకంగా చెప్పలేదు. ఆమెకూ పాపం ప్రత్యేకంగా కోపమేమీ లేదు. అట్లా జరుగుతూ ఉండేది, అంతే. నేనూ బడిలో దోసిట్లోనే తాగాను. అందుకని అది నాకు వింతగా కనబడలేదు. సిగ్గుపడుతూనే ఈ మాట రాస్తున్నాను.

ఐదుగురూ ఒక సోమవారం కొత్త కుండ కొనుక్కొచ్చి ఆ బాన పక్కన ఇసక పోసి పెట్టారు. ఐదు గ్లాసులు పెట్టారు. గోడ మీద సుద్దతో 'ఎవరైనా ముంచుకోవచ్చు' అని రాశారు. గొడవ లేదు, నినాదం లేదు. రోజూ తెల్లవారి హాస్టలు నుంచి బిందెతో నీళ్ళు తీసుకుపోయి నింపేవాళ్ళు.

మా హాస్టలు పిల్లలు మాత్రమే తాగి ఊరుకుంటే ఎవరూ పట్టించుకొనేవాళ్ళు కాదేమో. కొత్త కుండలో నీళ్ళు చల్లగా ఉన్నాయి. కడప ఎండ మీకు తెలుసు కదా. మూడో రోజుకు మిగతా పిల్లలు కూడా బాన వదిలేసి కుండ దగ్గరికి వచ్చారు. వాళ్ళ ఇళ్ళలో ఈ మాట తెలిసింది. నాలుగో రోజు కుండ పగిలి ఉంది. ఐదో రోజు మా అధికారి నుంచి నాకు పిలుపు వచ్చింది.

ఒక పేరు

ఆ అధికారి పేరు రాయను. పెద్దగా అరిచే మనిషి కాదు. నన్ను నిలబెట్టే మాట్లాడాడు.

"నువ్వు వాళ్ళ మనిషివే కదా, కంట్రోల్లో పెట్టుకుంటావని వేసినాం. నువ్వేమో సంఘాలు పెట్టిస్తాండావు. దీనికి నాయకురాలు ఎవరు? రేపటికి ఒక పేరు కావాల. ఆ పిల్ల హాస్టల్లో ఉండకూడదు. పేరు లేదంటావా, నీ ప్రొబేషన్ సంగతి చూడాల్సి వస్తాది."

నాకు అప్పటికి ప్రొబేషన్ పూర్తి కాలేదు. ఉద్యోగం పోతే మా ఇంట్లో మళ్ళీ అందరం ఒకరి చేలోకి దిగాలి. ఇది సాకు కాదు. ఆ రోజు నా తలలో ఇదొక్కటే ఉందని చెబుతున్నాను.

సాయంత్రం ఐదుగురినీ గదికి పిలిచాను. నాయకురాలు ఎవరని అడిగాను. ఎవరూ లేరన్నారు. ఉండాలి, ఒక పేరు రాయాలి అన్నాను. సువార్తకూ ఎస్తేరుకూ చివరి సంవత్సరం పరీక్షలు. నిర్మలకు తండ్రి లేడు. ఒక్కొక్కరి మొహం చూస్తూ నేనే మనసులో లెక్కలు వేస్తున్నాను, ఎవరిని పంపితే తక్కువ పాపమని.

"నా పేరు రాయండి మేడం," అంది ఎస్తేరు.

మిగతావాళ్ళు ఒక్కసారిగా ఆమె మీద పడ్డారు. "నువ్వెందుకు, అందరం పోతాం," అంది సువార్త.

"అందరం పోతే చేరికలప్పుడు బస్టాండుకు ఎవురు పోతారు? నోరు మూసుకోని ఉండండి. ఎవురికీ ఏమీ చెప్పొద్దు," అంది ఎస్తేరు. ఆమె అంత కఠినంగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

తప్పు ఇక్కడిదాకా అధికారిది. ఇక్కడి నుంచి నాది. ఒక విద్యార్థినిని తీసివేయాలంటే కారణం రాయాలి, విచారణ జరగాలి, పిల్ల చెప్పేది రాసుకోవాలి. ఆ కాగితాలు పైకి పోతే నీళ్ళ కుండ సంగతి బయటికి వస్తుంది. అధికారికి అది ఇష్టం లేదు. నాకు ధైర్యం లేదు. ఇంకో దారి ఉంది, ఒక్క వాక్యం చాలు. మిగతా నలుగురినీ బయటికి పంపి, రిజిస్టరు తీసి రాశాను: 'ఇంటి కారణముల వలన తన ఇష్టముతో హాస్టలు విడిచి వెళ్ళినది.' దాని కింద నేను సంతకం చేశాను. రిజిస్టరు ఎస్తేరు వైపు తిప్పి "ఇక్కడ పెట్టు," అన్నాను. ఆమె పెట్టింది. మర్నాడు పొద్దున బస్సుకు ఊరికి పోయింది. పెట్టె కూడా తీసుకుపోలేదు.

దేవదానం వచ్చాడు

నాలుగో రోజు ఆమె తండ్రి వచ్చాడు. దేవదానం. భుజం మీద తుండు, చేతిలో పచ్చి శనక్కాయల సంచి. ఆ సంచి నాకోసమే తెచ్చాడు. ఆఫీసు గదిలోకి రమ్మన్నా రాలేదు, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అమ్మా, బిడ్డ చదువు ఆపేసి ఇంటికొచ్చింది. అడిగితే వాళ్ళే పంపించినారంటాది. ఎందుకంటే చెప్పదు. ఏమన్నా తప్పు చేసిందా తల్లీ? చేసుంటే కొట్టి అయినా బుద్ధి చెప్పుకుంటా. మళ్ళా చేర్చుకోండి."

ఏం చెప్పాలో తెలియక రిజిస్టరు తీశాను. గొంతు వణుకుతుందేమోనని భయపడి, వణుకు తెలియకుండా గట్టిగా చదివాను. వరండాలో పిల్లలందరికీ వినబడేంత గట్టిగా. తన ఇష్టముతో విడిచి వెళ్ళినది.

ఆయన భుజం మీది తుండు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అంటే, నా బిడ్డే పోతానందామ్మా?"

"ఇక్కడ అట్లాగే ఉంది."

"గవర్మెంటు కాయితం కదా, దాంట్లో అబద్ధం ఎట్లుంటాది. బిడ్డే నాతో అబద్ధం చెప్పింటాది," అన్నాడు. ఆ మాట ఆయన నాతో అనలేదు, తనలో తాను అనుకున్నాడు.

అప్పుడైనా నేను నోరు తెరిచి ఉండవచ్చు. తెరవలేదు. పెట్టె ఇమ్మన్నాడు. సువార్త, రాహేలు పెట్టె పట్టుకొని బయటికి వచ్చి, బస్టాండు దాకా తాము మోస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. "చదువు ఒద్దనుకున్నదాని పెట్టె మీరెందుకు మోస్తారమ్మా?" అని తుండు చుట్టి నెత్తిన పెట్టుకొని, పెట్టె దాని మీదికి ఎత్తుకొని వెళ్ళిపోయాడు. శనక్కాయల సంచి గుమ్మం దగ్గరే ఉండిపోయింది. ఖాజాబీ వాటిని ఉడికించి పిల్లలకు పెట్టింది. నాకు పెట్టలేదు.

కాగితం గురించి

ఆ తర్వాత చాలామంది అధికారుల కింద పనిచేశాను. మంచివాళ్ళూ ఉన్నారు. ఒకాయన హాస్టలుకు వస్తే ముందు వంటింట్లోకి పోయి పిల్లల వరసలో కూర్చుని అన్నం తిన్న తర్వాతే సంతకం చేసేవాడు. ఇంకొకాయన నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా కారు దిగలేదు. వాళ్ళ గురించి చెప్పాలంటే చాలా ఉంది కానీ మీకు పనికొచ్చేది ఒకటే చెబుతాను. అధికారి చెడ్డవాడైతే రెండు మూడేళ్ళలో బదిలీ అయి పోతాడు. మీరు రాసింది పోదు.

'తన ఇష్టముతో' అన్న మాట రాసేటప్పుడు కలం ఆపండి. మన రికార్డుల్లో ఆ మాట చాలాచోట్ల ఉంటుంది. ఇష్టంతో హాస్టలు విడిచినది, ఇష్టంతో మానుకొన్నది, ఇష్టంతో భోజనం వద్దన్నది. పేదపిల్లలకు ఇన్ని ఇష్టాలు ఉండవు. ఎవరి ఇష్టమో వాళ్ళ పేరు రాయండి. అధికారి పంపించమన్నాడా, అధికారి ఆదేశం మేరకు అని రాయండి. మీ ఉద్యోగానికి ఏమవుతుందంటారా, ఏమైనా కావచ్చు. నాకైతే ఏమీ కాలేదు, ప్రొబేషన్ సకాలంలో పూర్తయింది. అందుకే ఈ వయసులోనూ నాకు ఆ వాక్యం కంఠతా వచ్చు.

మైదుకూరు దాటాక

పెట్టె మోసే ఆచారం ఆగలేదు. ఆ అధికారి ఉన్నన్నాళ్ళూ చాటుగా, తర్వాత బాహాటంగా సాగింది. నేను మళ్ళీ అడ్డం పోలేదు. ఇప్పుడు రేకు పెట్టెలు లేవు, అన్నీ చక్రాల పెట్టెలు. లాక్కుంటూ రావచ్చు, ఆటో ఎక్కవచ్చు. అయినా మా పిల్లలు గేటు ముందు ఆటో ఆపి, దిగి, ఆ చక్రాల పెట్టెను ఎత్తి నెత్తిన పెట్టుకొనే లోపలికి వస్తారు. చూడటానికి నవ్వొస్తుంది. ప్రశ్న మాత్రం అదే, జవాబు అదే.

ఇంకో సంగతి చాలా ఏళ్ళు గమనించీ పట్టించుకోలేదు. మైదుకూరు దాటాక ఉన్న ఆ చిన్న పల్లె నుంచి ప్రతి ఏడూ ఒకరో ఇద్దరో పిల్లలు వచ్చేవాళ్ళు. కాగితాలన్నీ సక్రమంగా, వరసగా కుట్టి ఉండేవి. ఎవరు పంపించారమ్మా అంటే "మా ఊరి అక్క" అనేవాళ్ళు. ఏ అక్క అని నేను అడగలేదు. అడిగితే ఏం తెలుస్తుందో నాకు లోపల తెలుసు.

నేను రిటైరైన మరుసటి ఏడు సువార్త వచ్చింది. ఆమె హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేస్తోంది. సంఘం మొదలుపెట్టిన ఐదుగురి పేర్లు బండ మీద చెక్కించాలని పాత పిల్లలంతా అనుకున్నారట. నలుగురూ ఒప్పుకున్నారు, ఎస్తేరు ఒప్పుకోలేదు. ఆమె లేకుండా చెక్కించేది లేదని మిగతా నలుగురూ పట్టుబట్టారు.

"ఏమంటుంది?" అన్నాను.

"తన ఇష్టంతో విడిచి వెళ్ళినదాని పేరు మొదలుపెట్టినోళ్ళలో ఎట్లా రాస్తారు అంటాది. ఆ మాట యాడిది మేడం? ఎస్తేరును ఆఫీసోళ్ళు తీసేసినారు కదా?"

ముప్పై ఏళ్ళకు పైగా ఈ నలుగురికీ ఆ వాక్యం నిజంగా రాసి ఉందని తెలియదు. దేవదానం ముందు నేను చదివినప్పుడు విన్నారు కానీ, పెద్దాయన్ను సాగనంపేదానికి అప్పటికప్పుడు ఏదో చెప్పాననుకున్నారట. రిజిస్టరులో ఉందని, నేనే రాశానని సువార్తకు చెప్పాను. ఆమె లేచి సంచి భుజాన వేసుకుంది.

"మేము పొయ్యేది కాదు మేడం. మీరే పోయి రావాల," అంది.

పోయేముందు ఇంట్లో కూర్చుని ఒక కాగితం రాశాను. జరిగింది జరిగినట్టు ఏడెనిమిది వాక్యాలు. కింద పూర్తి పేరు, చేసిన హోదా, సంతకం. కడప నుంచి మైదుకూరుకు బస్సు, అక్కడి నుంచి ఆటో. ఎస్తేరు ఇంటి ముందు పసుపు కొమ్ములు ఎండబోసి ఉన్నాయి. ఆమె తల వంచుకొని వాటిని కాళ్ళతో తిరగేస్తోంది. జుట్టు సగం నెరిసింది. తల ఎత్తి చూసి, గుర్తుపట్టి, మంచం వాల్చింది. అదే చూపు. వసారాలో ఇంకో మంచం మీద ఆమె తల్లి సుందరమ్మ కూర్చుని ఉంది. ముసలామె, చెవులు బాగా మందం.

నేను వచ్చిన పని చెప్పి, ముందు క్షమించమని అడిగాను. చదవనివ్వకుండా సంతకం పెట్టించుకున్నానన్నాను.

"చదివే పెట్టినా మేడం," అంది ఎస్తేరు.

చదివీ ఎందుకు పెట్టావన్నాను.

"మీరు ప్రొబేషన్‌లో ఉండారని ఖాజాబీ చెప్పింది. మా పేటల నుంచి వచ్చిన మొదటి వార్డెన్ మీరు. మీరు పోతే ఆ కుర్చీలోకి ఎవురొస్తారో తెలిసిందే. నాదంటే ఒక్కదాని సీటు. మీ ఉద్యోగం కూడా ఒక పెట్టే అనుకున్నా, ఎత్తినా. దానికి మీ మీద కోపం లేదు."

మళ్ళీ తనే అంది. "కానీ మా నాయనకు చదివి చెప్పినారు చూడండి, అది నేను అనుకోలే. నేను ఎన్ని చెప్పినా నమ్మలే. గవర్మెంటు కాయితమే నిజం ఆయనకు. చదువు ఇష్టం లేక వచ్చేసిన బిడ్డ అనే సచ్చేదాకా అనుకున్నాడు. ఆడపిల్లల్ని కడపకు పంపించేదానికి నేను ఇంటింటికీ తిరుగుతాంటే, నువ్వే ఉండలేకపోయినావు, ఊరోళ్ళ పిల్లల్ని పంపిస్తావా అని నవ్వేవాడు. మీరు ఒక్కసారి వచ్చి చెప్పింటే అయిపోయేది మేడం. ఇన్నేళ్ళలో ఒక్కసారి. మైదుకూరు ఏమంత దూరం?"

ఏడుపు వచ్చింది. ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, ఆగేదాకా కూర్చుంది. తర్వాత కాగితం తీసి ఇచ్చాను. చదివి, మడవకుండా నాకే తిరిగి ఇచ్చింది.

"నాకెందుకు, నాకు తెలిసిందే కదా. మా అమ్మకు చదివి చెప్పండి."

సుందరమ్మ పక్కన కూర్చుని చదివాను. "ఏమంటాంది?" అంది ముసలామె కూతురి వైపు తిరిగి. గొంతు పెంచాను. "ఇనపడలే," అంది. ఇంకా పెంచాను. ఎదురింటి వాళ్ళు బయటికి వచ్చారు. చర్చి మెట్ల మీద కూర్చున్న మగవాళ్ళు ఇద్దరు లేచి వచ్చారు. ఆఫీసులో నలుగురికి తెలియకూడదని ఒక్క వాక్యంతో దాచినదాన్ని, ఆ వీధికంతా వినబడేట్టు అరిచి చదివాను. ఎస్తేరు తన ఇష్టంతో హాస్టలు విడవలేదు. ఆమె తప్పేమీ లేదు. అధికారి పంపించమన్నాడు, నేను పంపించాను, రిజిస్టరులో అబద్ధం రాశాను. అదే ఆమె తండ్రికి చదివి వినిపించాను.

సుందరమ్మకు ఈసారి వినబడింది. నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పొద్దు మా ఇంటాయన వచ్చి, ఆయమ్మ ఇట్ల గట్టిగా చదివింది అని నీ మాదిరే చదివి చూపించినాడు. ఆ చర్చి ఎనక పండుకోని ఉండాడు ఇప్పుడు. ఆడికి ఇనపడేట్టు ఇంగోసారి చదువు తల్లీ."

లేచి, చర్చి వైపు తిరిగి, మొదటి అక్షరం నుంచి మళ్ళీ చదివాను. సంతకం కింద నా పేరు కూడా చదివాను. కాసేపటికి జనం ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు.

నన్ను ఆటో ఎక్కించేదానికి ఎస్తేరు రోడ్డు దాకా వచ్చింది. బండ సంగతి మళ్ళీ అడిగే మొహం నాకు లేదు. ఆమే అంది.

"పేరు రాసుకోండి మేడం. మా నాయన పేరు కూడా ఎక్కీండి. మా ముందర అక్కలెవురూ లేరు కదా, నా పెట్టె ఎవురూ మోయలే. నా పెట్టె మోసింది ఆయనొక్కడే."